మూడో మాట

తిరిగే సానరాయిని వెంట్రుకవాసి ముందుకు జరిపి బసవపున్నయ్య చెయ్యి తీసేశాడు. ఎదురుగా క్రాంకు షాఫ్టు తిరుగుతోంది. రాయి తగిలిన చోట సన్నగా నిప్పురవ్వలు లేస్తున్నాయి. పాలలాంటి కూలెంటు నీళ్ళు వాటిని లేచినచోటే ఆర్పేస్తున్నాయి. ఇక కాసేపు చేసేదేమీ లేదు, చూస్తూ ఉండటం తప్ప. చూస్తూ ఉండటం మాత్రం పున్నయ్యకి బాగా వచ్చు.

లారీదో ట్రాక్టరుదో ఇంజనులో క్రాంకు అరిగిపోతే విప్పుకుని ఆటోనగర్‌లోని ఈ షెడ్డుకి తెస్తారు. అరిగిన చోట్లని మళ్ళీ గుండ్రంగా, నున్నగా సానబట్టి ఇవ్వడం అతని పని. మీసకట్టు రాకముందే పామర్రు అవతల పల్లె నుంచి వచ్చి ఈ మిషను పక్కన నిలబడ్డాడు. తర్వాత మిషను మారింది, పైన రేకులు మారాయి, ఓనరు పోయి ఓనరు కొడుకు వచ్చాడు. పున్నయ్య నిలబడ్డ చోటు మారలేదు. అక్కడ గచ్చు అతని పాదాల మేర గుంటపడిందని జయపాల్ అంటాడు కానీ, జయపాల్ చెప్పే వాటిలో సగం కొట్టేస్తే తప్ప నిజం మిగలదు.

పొట్టి మనిషి. ముంజేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన చిన్న చిన్న మచ్చలు, నువ్వులు చల్లినట్టు. గోళ్ళ చుట్టూ ఏ సబ్బుకీ లొంగని నలుపు. మిషను వైపు ఉండే ఎడమ చెవి ఎప్పుడో మందగించింది. అందుకే ఎవరు పిలిచినా తల పక్కకి తిప్పి కుడిచెవి అప్పగిస్తాడు. కొత్తవాళ్ళు అది పొగరనుకుంటారు. రెండోసారి వచ్చినప్పుడు టీ తాగించి పంపిస్తాడు కనక ఆ అభిప్రాయం ఎక్కువ కాలం నిలబడదు.

"రోజూ అదే తిరుగుడు, అదే చూపు. నీకు బోరు కొట్టదా బాబాయ్?" అన్నాడు జయపాల్, పక్క మిషను తుడుస్తూ. గుణదల నుంచి వస్తాడు జయపాల్. ఒక్కచోట అయిదు నిమిషాలు నిలబడితే కాళ్ళు పీకే రకం.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?" అన్నాడు పున్నయ్య.

నిజంగానే అతనికి ఆ దురద లేదు. చిన్నప్పుడు వాళ్ళ పొలం కాలువ చిట్టచివర ఉండేది. నీళ్ళ వంతు వచ్చిందంటే, పైవాళ్ళు మడవ మార్చి నీళ్ళు మళ్ళించుకోకుండా గట్టుమీద ఎవరో ఒకరు కాపలా కూర్చోవాలి. అన్నలు పారిపోయేవాళ్ళు. పున్నయ్యని కూర్చోబెడితే పొద్దున కూర్చున్నవాడు నీళ్ళు చేనంతా ఎక్కేదాకా కదిలేవాడు కాదు. పారే నీళ్ళలో చూడటానికి ఏముంటుందని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాడు. ఏమీ ఉండదు. అదే బాగుండేది. "వీడు చదువుకి పనికిరాడు గానీ, కనిపెట్టుకుని ఉండమంటే ఉంటాడు" అనేవాడు వాళ్ళ నాన్న. మెచ్చుకోలో తిట్టో తెలియని ఆ ఒక్క సర్టిఫికెట్టుతోనే పున్నయ్య బతుకంతా గడిచిపోయింది. బాగానే గడిచింది.

టీ వచ్చింది. మామూలుగా ఈ వేళకి పున్నయ్య జేబులోంచి ఫోను తీస్తాడు. చేతులు తుడుచుకుని, పీపా మీద కూర్చుని, తెరమీద గొడ్డలి ఝళిపించడం మొదలుపెడతాడు. ఇవాళ ఫోను జేబులోనే ఉంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని రోడ్డుమీద పోయే లారీల్ని చూస్తున్నాడు.

"గొడ్డలి దింపేశావేంటి బాబాయ్? ఇవాళో రేపో పడుతుందన్నావుగా ఆ మాను?"

"ఇవాళే."

"మరి?"

"పడుతుందిలే. ఎక్కడికి పోద్ది?"

ఈ గొడ్డలి సంగతి చెప్పాలి. పున్నయ్యకి ఒక్కతే కూతురు, భానుశ్రీ. ఇబ్రహీంపట్నంలో కాపురం. అల్లుడు జయంత్ థర్మల్ స్టేషన్లో ఉద్యోగం, ఆ అమ్మాయి స్కూల్లో టీచరు. రెండేళ్ళ కిందట ఆటలమ్మ పోసి పుట్టింట్లో పడుకున్నప్పుడు, కళ్ళు మండుతున్నా ఫోను వదల్లేక, "నాన్నా, కాస్త ఈ చెట్టు కొట్టి పెట్టవా, నాకు ఈ పనంటేనే విసుగు" అంది. అదొక దీవి ఆట. నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒక దీవిలో ఉంటారు. సొరచేపలతో యుద్ధాలూ గుహల్లో వెతుకులాటలూ అందరికీ ఇష్టమే. కట్టెలు కొట్టడమే ఎవరికీ పట్టదు. అదే చెట్టు, అదే దెబ్బ, మళ్ళీ అదే చెట్టు. పున్నయ్య వేపమండల మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని బొటనవేలితో కొట్టడం మొదలుపెట్టాడు. భానుశ్రీ నిద్రలేచేసరికి దీవిలో కట్టెలు పెట్టే చోటు చాలక ఒడ్డున కుప్పలుగా పడి ఉన్నాయి.

"ఎంతసేపు కొట్టావు నాన్నా?" అంది ఆ అమ్మాయి లేచి కూర్చుని.

"ఏమోనమ్మా. బాగానే ఉంది పని."

వెళ్ళేముందు తండ్రి ఫోనులో కూడా ఆ ఆట పెట్టింది. అతనికో బొమ్మని తయారుచేసింది. గడ్డిటోపీ, పంచె కాని పంచె, అసలు పున్నయ్యకి లేనంత గుబురు మీసం. దాని చేతికో గొడ్డలి ఇచ్చింది.

పున్నయ్యకి ఆట మీద మోజేం లేదు. అసలు విషయం వేరే ఉంది. తెలుగు దేశంలో చాలామంది తండ్రుల్లాగే అతను కూడా కూతురితో ఫోనులో రెండు మాటలే మాట్లాడేవాడు. "తిన్నావా నాన్నా?" "తిన్నానమ్మా. ఇదుగో, అమ్మకిస్తున్నా." అంతే. ఫోను చెయ్యి మారేది. ఆ తర్వాత భార్య రామతులసి దాంతో వంటగదిలోకి వెళ్ళి గంటసేపు నవ్వుతూ ఉంటే, ఇతను వసారాలో కూర్చుని వినిపించే చెవిని అటు తిప్పి ఉంచేవాడు. ప్రేమ లేక కాదు. ఏం మాట్లాడాలో తెలియక. క్రాంకుల గురించి ఆడపిల్లకేం చెబుతాం?

దీవి వచ్చాక మూడో మాట దొరికింది. "మాను ఎంతవరకూ వచ్చింది నాన్నా?"

దీవి మధ్యలో ఒక పెద్ద మాను ఉంది. అది పడితే దాన్ని తొలిచి పడవ చేసుకుని అందరూ అవతలి దీవికి పోవచ్చు. కానీ ఒక్కరోజు కొడితే పడేది కాదు. ప్రతిరోజూ గొడ్డలి పదును పోయేదాకా కొట్టాలి. నెలల తరబడి కొట్టాలి. ఒక్కరోజు మానేస్తే మాను గాయం పూడ్చుకుంటుంది, మళ్ళీ మొదటికొస్తుంది. ఆ ఆట తయారుచేసినవాడు ఎవరో గానీ పున్నయ్య కోసమే చేసినట్టున్నాడు. ఈ మూడో మాట కూడా మానులాగే మెల్లగా లావెక్కింది. గాటు లోతు గురించి చెబుతూ ఒకరోజు చిన్నప్పుడు మురుగుకాలువ దాటే తాటిదోనె గురించి చెప్పాడు. భానుశ్రీ ఎన్నడూ వినలేదది. "ఆ పడవని నువ్వు దోనె అనే అను నాన్నా, బావుంది" అంది.

కిందటేడు దసరాకి మాను దాదాపు పడబోయింది. సరిగ్గా అప్పుడే పున్నయ్య ఘనకార్యం చేశాడు.

మహర్నవమి నాడు ఆటోనగర్‌లో ఏ మిషనూ తిరగదు. అన్నిటినీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు స్పానరు ముట్టుకోవడం కూడా తప్పే. ఏడాదంతా మనకోసం అరిగినవాటికి ఒక్కరోజు విశ్రాంతి. గుడికి రాని జయపాల్ కూడా ఆ రోజు మిషను జోలికి పోడు, పులిహోర జోలికి మాత్రం రెండుసార్లు పోతాడు. పున్నయ్య మిషనుకి పూజ చేసి ఇంటికొచ్చి, ఫోను తీసి, ఆలోచించాడు. గొడ్డలి కూడా ఆయుధమేగా. దీవిలో జెండాలకి వేసే ఎర్రరంగు ఉంటే, అందులోంచి కాస్త తీసి గొడ్డలి మీద బొట్టు పెట్టాడు. ఒడ్డున కట్టెల మోపుకి ఆనించి నిలబెట్టాడు. ఆ రోజు కొట్టలేదు.

తెల్లారేసరికి గాటు పూడిపోయింది. గీత కూడా లేదు.

"నాన్నా! ఏం చేశావు?"

"ఆయుధపూజ కదమ్మా. గొడ్డలి ఎలా పట్టమంటావు?"

అవతల జయంత్ పగలబడి నవ్వడం వినిపించింది. "మావయ్యగారూ, మీకు దండమండీ!" అని అరిచాడు. భానుశ్రీ నవ్వలేదు. స్నేహితులకి ఏం చెప్పాలని ఏడుపుగొంతుతో అడిగింది. పున్నయ్యకి ప్రాణం ఉసూరుమంది. ఆ పూటకి అన్నం సయించలేదు. మర్నాడు విజయదశమి, మంచిరోజు. మళ్ళీ మొదటి దెబ్బ వేశాడు. కూతురు నాలుగు రోజులు ముభావంగా ఉండి, ఆ తర్వాత "ఈసారి మాత్రం దసరా లోపే పడాలి నాన్నా, మళ్ళీ పూజ పెట్టుకోకు" అంది. లోలోపల ఒకచోట పున్నయ్య సంతోషించాడు. ఇంకో ఏడాది మాటలకి లోటు లేదు.

ఆ ఏడాదే ఇప్పుడు అయిపోయింది. పైవారం దసరా. నిన్న కొట్టేసరికి మాను ఒకపక్కకి ఒరిగిపోయి ఉంది. నిన్న రాత్రి ఫోనులో భానుశ్రీ మామూలుగానే అనేసింది. "రేపు పడవ కట్టేసి అవతలి దీవి చూసొచ్చాక ఇంక ఈ ఆట తీసేస్తాన్నాన్నా. మా వాళ్ళకీ బోరు కొట్టేసింది. పాపం, నీకూ విశ్రాంతి."

విశ్రాంతి అట. పున్నయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా ఫోను తీయలేదు. కొట్టకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. కరెంటు పోయిందనొచ్చు, నెట్టు రాలేదనొచ్చు, ఒంట్లో బాగాలేదంటే పిల్ల ఎదురు బాధపడుతుంది కూడా. రేపటికి గాటు పూడిపోతుంది. "అయ్యో, మళ్ళీ మొదటికొచ్చింది" అనుకుంటే ఇంకో ఏడాది ఆ పిల్ల రోజూ "ఎంతవరకూ వచ్చింది నాన్నా" అని అడుగుతుంది.

ఆ అబద్ధాన్ని నోట్లో ఒకసారి తిప్పి చూసుకున్నాడు. బాగానే ఉంది. ఎవరికీ నష్టం లేదు.

క్రాంకు ఆపి మైక్రోమీటరు పెట్టి చూశాడు. ఇంకా కొంచెం, ఉందా లేదా అన్నంత, తీయాలి.

"చాల్లే బాబాయ్, ఆ మాత్రం ఎవడు చూస్తాడు? కట్టెయ్, ఇంటికి పోదాం" అన్నాడు జయపాల్.

పున్నయ్య తల తిప్పి కుడిచెవి అప్పగించి విన్నాడు. మిషను మళ్ళీ వేసి రాయిని దగ్గరికి జరిపాడు. రవ్వలు లేచాయి. చూస్తూ నిలబడ్డాడు. రాయి తన పని తాను చేసుకుపోతుంటే అతనికి తెలిసిపోయింది, రాత్రికి తాను గొడ్డలి పట్టుకుంటాడని. పండగకి పని ఆపడం తెలుసు. దొంగతనంగా ఆపడం ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాలంటే కష్టం.

క్రాంకుకి నూనె రాసి, కాగితం చుట్టి పక్కన పెట్టాడు. మిషను తుడిచాడు. షేరాటోలో ముందుసీటు అంచున ఒక తుంటి మీద కూర్చుని రామవరప్పాడు చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి.

రామతులసి దోసకాయపప్పు పొయ్యిమీద పెట్టి, వసారాలో బియ్యం ఏరుతోంది. మొగుడి మొహం చూసి చేట పక్కన పెట్టింది.

"ఏవండీ, ఒంట్లో బాగుందా?"

"బానే ఉంది."

"మరెందుకలా ఉన్నారు? మాను ఇవాళ పడుతుందటగా, అమ్మాయి పొద్దుటే చెప్పింది. ఎగిరి గంతేస్తారనుకుంటే..."

పున్నయ్య కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తువ్వాలుతో మెల్లగా ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. "పడిపోతే ఇంక అయిపోయినట్టే కదా తులసీ" అన్నాడు చివరికి. "ఆ పిల్ల ఆట తీసేస్తానంటోంది. ఇంక నాతో ఏం మాట్లాడుతుంది?"

రామతులసికి నవ్వొచ్చింది, అంతలోనే జాలేసింది. ఈ మనిషితో ముప్పై చిల్లర ఏళ్ళు కాపురం చేసి కూడా, ఇతనికీ ఒక బెంగ ఉంటుందని అనుకోలేదామె. "నోరు లేదా మీకు?" అంది. "అదడిగేదాకా ఆగడమెందుకు? మీరే అడగండి. కన్నకూతురితో మాట్లాడ్డానికి మధ్యలో ఆ చెట్టెందుకండీ?"

"ఏమడగను?"

"ఏదో ఒకటి. అడిగితే అదే చెబుతుంది. దానికి మీ పోలిక కాదు, నా పోలిక."

పున్నయ్య ఫోను తీశాడు. రామతులసి పప్పు దించి, గరిట చేత్తో పట్టుకునే వచ్చి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ ఎగతాళి చేయడమే గానీ ఏనాడూ చూసింది లేదు. తెరమీద గడ్డిటోపీ మనిషి పెద్ద మాను ముందు నిలబడి ఉన్నాడు. పున్నయ్య బొటనవేలు పైకెత్తి తెరమీద దించాడు. తక్. మళ్ళీ ఎత్తాడు. తక్. కంగారేం లేదు. మొదటిరోజు ఎలా కొట్టాడో అలాగే కొట్టాడు. మనసులో పొద్దుటి నుంచీ ఉన్న బరువు ఒక్కో దెబ్బకీ తేలికవుతోంది. ఈ పని తనకి ఇష్టం. కూతురి కోసం కాకపోయినా ఇష్టమే. ఆ సంగతి ఇవాళే తెలిసింది.

మాను మూలిగింది. ఆకులన్నీ ఒక్కసారి వణికాయి. మెల్లగా, చాలా మెల్లగా పక్కకి వాలి, ఇసకలో పడింది.

"పడిందండీ!" అని రామతులసి గరిటతో అతని మోకాలి మీద కొట్టింది. పంచె మీద పప్పు మరక పడింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. భానుశ్రీ. "అమ్మా, స్పీకరు పెట్టు! నాన్నా, పడిపోయింది, చూశావా? మేమంతా ఇక్కడే ఉన్నాం!" నిజంగానే తెరమీద ఎక్కడెక్కడి నుంచో బొమ్మలు పరుగెత్తుకొచ్చాయి. మాను చుట్టూ చేరి ఎగిరాయి. వాటిలో ఎర్రలంగా కట్టుకున్నది భానుశ్రీ. చూస్తుండగానే మాను తొలుచుకుపోయి దోనె అయింది. మనిషి ఏడాది కొట్టినదాన్ని ఆట క్షణంలో తొలిచేసింది. పున్నయ్యకి ఆ పనితనం అంతగా నచ్చలేదు.

"నువ్వూ రా నాన్నా. నీకో చోటు ఉంచాను" అంది భానుశ్రీ. ఎర్రలంగా బొమ్మ దోనె పక్కన నిలబడి చెయ్యి ఊపుతోంది.

"అక్కడ చెట్లుంటాయామ్మా?"

"ఉండవు నాన్నా. అన్నీ రాళ్ళే. కోటలూ అవీ ఉంటాయట."

"మరి నాకక్కడ పనేముంది? మీరెళ్ళండి. చూసొచ్చి చెప్పు."

"ఇది తిరిగి రాదు నాన్నా. వెళ్ళడమే."

"ఫోనులో చెప్పొచ్చుగా" అన్నాడు పున్నయ్య. అనేశాక తనే ఆశ్చర్యపోయాడు. "ఎలా ఉందో, ఏముందో. నేను వింటాను."

"చెప్తాను నాన్నా" అంది భానుశ్రీ. "రేపు స్కూలు నించి రాగానే చేస్తాను. నీకే చేస్తాను, అమ్మకి కాదు."

బొమ్మలన్నీ దోనె ఎక్కాయి. ఎర్రలంగా బొమ్మ ఎక్కబోయి, ఏదో మరిచిపోయినట్టు ఒడ్డు మీదికి పరుగెత్తింది. కట్టెల మోపు దగ్గర కాసేపు వంగి, మళ్ళీ వచ్చి ఎక్కింది. దోనె కదిలింది. పున్నయ్య ఫోనుని మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. గడ్డిటోపీ మనిషి నీళ్ళ అంచున నిలబడి ఉంటే, ఎర్రలంగా చిన్నదై, చుక్కై, నీలంలో కలిసిపోయింది.

"వెళ్ళిపోయాం నాన్నా" అంది గొంతు, పక్క ఫోనులోంచి, ఎంతో దగ్గరగా. "తిన్నావా?"

"ఇంకా లేదమ్మా."

రామతులసి అలవాటుగా ఫోను కోసం చెయ్యి చాచింది. పున్నయ్య ఇవ్వలేదు. దాన్ని తీసుకుని వినిపించే చెవికి ఆనించుకున్నాడు.

"నువ్వేం తిన్నావమ్మా?" అన్నాడు.

చామదుంపల పులుసట. ఉప్పు ఎక్కువైందట. జయంత్ మాట్లాడకుండా తినేసి, లేచి రెండు చెంబులు నీళ్ళు తాగాడట. స్కూల్లో మూడో తరగతి పిల్లలు వాళ్ళ టీచరుకి పెట్టిన పేరేమిటో తెలుసా అట. పున్నయ్య ఊఁ కొడుతూ కూర్చున్నాడు. పారే నీళ్ళని చూసినట్టు విన్నాడు. ఒకసారి గట్టిగా నవ్వాడు కూడా. రామతులసి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, చల్లారిపోతున్న పప్పు మీద మూత పెట్టడానికి లేచింది.

"నాన్నా, నా గొడ్డలి అక్కడే పెట్టాను" అంది భానుశ్రీ పెట్టేసేముందు. "మాకింక అక్కర్లేదుగా. పైవారం దసరా. నువ్వు మర్చిపోతావని నేనే చేసేశాను, చూడు."

ఫోను పెట్టేసి పున్నయ్య దీవి వైపు చూశాడు. ఎవరూ లేరు. మాను ఉన్నచోట మొద్దు, ఖాళీ ఒడ్డు, అలలు. గడ్డిటోపీ మనిషిని మెల్లగా నడిపించి కట్టెల మోపు దగ్గరికి తీసుకెళ్ళాడు. మోపుకి ఆనించి, ఎక్కువ వాడకపోవడం వల్ల ఇంకా కొత్తగా మెరుస్తున్న కూతురి గొడ్డలి ఉంది. దాని అంచు మీద, జెండాలకి వేసే రంగుతో, కాస్త వంకరగా పెట్టిన ఎర్రబొట్టు.